కచేరీలో కదలకుండా కూర్చున్న బిడ్డ వింటున్నట్టా, లేనట్టా?

మీ బాబుకి ఏడాదిన్నర అన్నారు. ఫోన్‌లో పాట పెడితే గెంతులేస్తాడు, గుళ్లో కచేరీకి తీసుకెళితే మాత్రం నోరు తెరుచుకుని బొమ్మలా చూస్తూ ఉండిపోయాడు, సంగీతం నచ్చలేదేమో, మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అని మీ ప్రశ్న. తప్పకుండా తీసుకెళ్లండి. మా పాప విషయంలో నేనూ సరిగ్గా ఇక్కడే పొరబడ్డాను.

మాది విజయనగరం. 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊరు, కాబట్టి కచేరీలకు కొదవ లేదు. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనకు పాపను ఎత్తుకుని వెళ్లాను. అప్పటికి దానికి 22 నెలలు. పంచరత్న కృతుల గోష్ఠిగానం, అంటే త్యాగరాజు అయిదు కృతుల్ని అందరూ కలిసి పాడటం. నాట రాగంలో మొదటి కృతిని అంతమందీ ఒక్కసారిగా ఎత్తుకునేసరికి నా కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. కాసేపటికి పట్టు సడలింది. ఆ తర్వాత పాడేవాళ్ల వైపు చూడనేలేదు, మృదంగం వాయించే ఆయన వేళ్ల మీదే చూపంతా. చొంగ కారుతున్నా పట్టించుకోలేదు. చప్పట్లు లేవు, ఊగడం లేదు. వరాళి రాగంలోని నాలుగో కృతి వచ్చేసరికి నా భుజం మీద నిద్రపోయింది. ఇంటికొచ్చి మా అత్తగారితో "దీనికేమీ ఎక్కలేదండీ" అనేశాను.

మూడో రోజు సాయంత్రం చపాతీ పిండి కలుపుతున్నాను. పాప వచ్చి ఒక ముద్ద తుంచుకుపోయింది. స్టీలు డబ్బా ఒకటి దొర్లించుకొచ్చి అడ్డంగా పెట్టుకుని, ఆ ముద్దను ఎడమవైపు అతికించి అరచేత్తో అదిమింది. చెంచాతో కుడివైపు అంచు మీద ఠంగుమని ఒక్క దెబ్బ వేసి, తల వంచి విని, మళ్లీ ఇంకోటి వేసింది. ఇదేం ఆటరా అనుకుంటుండగా గుర్తొచ్చింది. ఆరాధన రోజున పాట మొదలవకముందు మృదంగం ఆయన ఎడమ మూతకు రవ్వ ముద్ద పట్టించి, కుడివైపు అంచున రాయితో కొడుతూ శ్రుతి సరిచేసుకున్నారు. నేను చూసి మర్చిపోయిన పని అది. పాప దాన్ని మొదటి నుంచి చివరి దాకా మనసులో దాచుకుంది. శ్రుతి అయ్యాకే వాయించడం మొదలెట్టింది!

నాకు అర్థమైంది ఇదీ: ఫోన్‌లో పాటకి చెయ్యి కనబడదు, గాలిలోంచి వస్తుంది. కచేరీలో చెయ్యి పడగానే నాదం పుడుతుంది. ఆ రెండింటికీ ఉన్న ముడి విప్పుకోవడమే ఆ వయసు పిల్లలకు పెద్ద పని. ఆ పనిలో ఉన్నప్పుడు ఇక గెంతే తీరిక ఎక్కడిది? కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల హాల్లో 6 నుంచి 14 నెలల పిల్లలకు ఒక చిన్న సంగీత ప్రదర్శన చూపించి పరిశీలించారు. అదే ప్రదర్శనను వీడియోలో చూసిన పిల్లల కంటే ఎదురుగా చూసినవాళ్లు ఎక్కువసేపు కళ్లు అప్పగించి చూశారట. చదివినప్పుడు మా పాప ముఖమే కళ్ల ముందు మెదిలింది. పిల్లవాడు ఊగితే సంతోషమే, కానీ తాళానికి సరిగ్గా పడాలని చూడకండి. ఆ వయసుకి అది ఇంకా రాదు.

అయితే చప్పుడు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పాపకి 11 నెలలప్పుడు ఒక పెళ్లిలో డోలు పక్కనే నిలబడ్డాను. జీలకర్ర బెల్లం సమయానికి గట్టిమేళం అందుకునేసరికి బిడ్డ ఒళ్లంతా బిగుసుకుపోయి, గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత రెండు నెలలు ఎవరైనా కంచం మీద కొట్టినా ఉలిక్కిపడేది. తప్పు మేళానిది కాదు, నేను నిలబడిన చోటుది. అప్పటినుంచి నాకొక లెక్క ఉంది: పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సి వస్తోందా, అది పసిపిల్లలకి ఎక్కువే. స్పీకర్ పెట్టెలకు ఎదురుగా అసలు కూర్చోకండి. మైకులేని చిన్న కచేరీ, భజన, హరికథ దొరికితే అంతకంటే మేలైనది లేదు.

నిద్ర లేచి, పాలు తాగి హుషారుగా ఉన్న వేళ చూసుకోండి. గుమ్మానికి దగ్గరగా, వాయించే చేతులు కనబడేలా కూర్చుంటే చాలు. ఇరవై నిమిషాలు విన్నాడంటే చాలా విన్నట్టే, అంతకుమించి కూర్చోబెట్టాలని టెన్షన్ పడొద్దు. లేచి వచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. "చప్పట్లు కొట్టు నాన్నా" అని చేతులు పట్టి ఊపకండి, ఆ చూపు చెదిరిపోతుంది.

కచేరీ అయ్యాక విద్వాంసుల్ని ఒక్కసారి అడిగి చూడండి, పిల్లలంటే చాలామంది కాదనరు. మరుసటి ఏడు మేము అలాగే అడిగితే ఆయన మృదంగాన్ని మా పాప వైపు తిప్పారు. పాప వాయించలేదు. కుడి మూత మీదున్న నల్లటి గుండ్రాన్ని వేలితో మెల్లగా తాకి, నలుపు అంటుకుందేమోనని వేలు తిప్పి చూసుకుంది.