స్లర్రీ గోడ బ్యాక్‌ఫిల్: రమ్యకు పెద్దనాన్న ఉత్తరం

చి. రమ్యకు,

బిడ్డా, పటాన్‌చెరు సైటులో కలుషిత నీరు బయటికి ఊరకుండా కట్టే గోడకు బ్యాక్‌ఫిల్ మిక్స్, అంటే స్లర్రీ (బెంటోనైట్ కలిపిన చిక్కటి నీళ్లు) నిండిన కందకంలో నింపే మట్టి మిశ్రమం, నువ్వే తేల్చాలన్నావు. నీ కాగితంలో మొదటి వరుసే బెంటోనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమన్ను) శాతం. అక్కడే నాకు పేచీ. మొదట చూడాల్సింది మట్టిలో 75 మైక్రాన్ల జల్లెడ దిగే సన్నపొడి ఎంత అన్నది. ఆ పొడి లేని మట్టిలో బస్తాలకు బస్తాలు బెంటోనైట్ పోస్తే బిల్లు పెరుగుతుంది, గోడ మాత్రం నమ్మదగ్గది కాదు.

మన దగ్గర తవ్వితే ఎక్కువగా వచ్చేది గ్రానైట్ చివికిన మొరం. అందులో పొడి 14 శాతమే ఉందనుకో. మనకు 30 కావాలి. 20కి తగ్గనియ్యకు, 40 బాగా దాటితే గోడ ఎక్కువ కుంగుతుంది. 80 శాతం పొడి ఉన్న నల్లరేగడి దొరికితే ఎండు బరువులో రేగడి 24 పాళ్లు, మొరం 76 పాళ్లు కలిపితే లెక్క కుదురుతుంది. అయితే రేగడితో చిక్కు గడ్డలే. తడి గడ్డను డోజర్ ఎంత తొక్కినా లోపల అట్లనే ఉంటుంది. ల్యాబులో నానబెట్టి జల్లెడ పడతారు కాబట్టి శాతం సరిగ్గానే కనిపిస్తుంది, గోడలో మాత్రం ఇసుక మధ్య ఉండలు మిగులుతాయి. అందుకే ఎండబెట్టి, చితక్కొట్టి, మొరంతో పొడిగానే కలిపించు. స్లర్రీ ఆ తర్వాతే. 75 మి.మీ. దాటిన రాళ్లు ఏరేయించు.

ఇప్పుడు బెంటోనైట్. ఘనమీటరు బ్యాక్‌ఫిల్‌లో 30 శాతం తేమ ఉంటే ఎండు మట్టి సుమారు 1,490 కిలోలు. మట్టిలో ముందే 8 శాతం తేమ ఉంటే ఇంకా 330 కిలోల నీళ్లు పడతాయి. వాటిని 6 శాతం స్లర్రీగా పోస్తే 20 కిలోల బెంటోనైట్ దానంతటదే చేరుతుంది, అంటే 1.3 శాతం. వానకాలంలో మొరం 18 శాతం తేమతో వస్తే స్లర్రీ తక్కువ పడుతుంది, బెంటోనైట్ 11 కిలోలకు పడిపోతుంది. మిక్స్ మారలేదని అందరూ అనుకుంటారు, కానీ మారిపోయి ఉంటుంది. తక్కువైనంత పొడి బెంటోనైట్ కలిపించు. రోజూ తేమ చూడనిదే బ్యాచ్ మొదలుపెట్టనియ్యకు.

బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువైతే బెంటోనైట్ సరిగా ఉబ్బదు. ముందు నీళ్లు పరీక్ష చేయించు, అవసరమైతే కొద్దిగా సోడా యాష్ వేయించు. కలిపిన స్లర్రీని వాడేముందు కనీసం 12 గంటలు నాననివ్వాలి.

స్లంప్ (కోను అచ్చు తీసేశాక ముద్ద ఎంత కుంగిందన్న కొలత) 100 నుంచి 150 మి.మీ. మధ్య ఉండాలి. గట్టిగా ఉంటే మడతల్లో స్లర్రీ చిక్కుకుంటుంది. పలచగా ఉంటే కందకంలో నింపిన మట్టి వాలు సాగిసాగి తవ్వే చోటికే వచ్చేస్తుంది. పది మీటర్ల లోతుకు మామూలుగానే ఆ వాలు 60 నుంచి 100 మీటర్లు పరుచుకుంటుంది. కందకంలోని స్లర్రీ కంటే బ్యాక్‌ఫిల్ ఘనమీటరుకు కనీసం 240 కిలోలు ఎక్కువ బరువుండాలి, లేకపోతే స్లర్రీని పక్కకు నెట్టలేదు.

మొదటి విడతను ట్రెమీ పైపుతో (కందకం అడుగుదాకా దింపే పైపు) అడుగు నుంచి నింపించు. పైనుంచి వదిలితే గరుకు, పొడి విడిపోతాయి. నింపింది పైకి తేలాక డోజర్‌తో దాని మీదికే నెట్టాలి, ముద్ద మొత్తంగా జారాలి. రాత్రి పని ఆగితే స్లర్రీలోని ఇసుక ఆ వాలు మీద పేరుకుంటుంది. పొద్దున దాన్ని తీయకుండా నింపారంటే గోడలో అడ్డంగా ఇసుక పొర మిగిలిపోతుంది, నీటికి కిటికీ తెరిచినట్టే. అందుకే పొద్దున మొదటి పని లోతు కొలవడం. నిన్న సాయంత్రం కంటే తగ్గిందంటే ఇసుక దిగినట్టే.

పర్మియబిలిటీ (గోడలోంచి నీరు ఊరే వేగం) 1×10⁻⁷ సెం.మీ./సె. అడిగారు కదా, ల్యాబులో దానికి సగం వచ్చేలా చూసుకో. 200 కిలోపాస్కల్ ఒత్తిడిలో చేసిన పరీక్షను ఒప్పుకోకు. కందకం పక్కలు మట్టిని పట్టి ఆపుతాయి, లోతు పెరిగినంతగా ఒత్తిడి పెరగదు. 35–70 కిలోపాస్కల్ దగ్గరే చేయించు. మంచినీళ్లతో ఒకసారి, సైటులోని కలుషిత నీళ్లతో ఒకసారి. రెండోదానికి వారాలు పడుతుంది, కాబట్టి నమూనాలు ఇప్పుడే పంపు.

అడుగున గుండురాయి తగిలినా ఆపరేటర్ షీట్ రాక్ (అఖండమైన రాతి పొర) వచ్చిందంటాడు. బోరు లాగ్‌తో (బోరు వేసినప్పుడు రాసిన పొరల వివరం) సరిచూడు. రాయి పగుళ్లుంటే గోడ కింద గ్రౌటింగ్ (పగుళ్లలోకి సిమెంటు పాలు ఎక్కించడం) వేరే పని, దాన్ని టెండర్‌లో ముందే రాయించు. ఇంకొకటి, ఇది సెల్లార్‌కు మట్టి ఆపే డయాఫ్రం గోడ కాదు. పక్కన లోతుగా తవ్వనియ్యొద్దు.

నింపగానే పైన 60 సెం.మీ. మట్టి కప్పించు. మన ఎండలకు రెండు రోజులు వదిలినా నెర్రెలిస్తుంది. రెండు, మూడు వారాలు కుంగనిచ్చి, నెర్రెలిచ్చినంత మేర తీసేసి, అప్పుడు బంకమట్టి టోపీ వేయించు.

నీ పెద్దనాన్న