చెంప పగిలిన కేసులో జరిమానాతో సరిపెడితే బాధితుడికి న్యాయం జరిగినట్టేనా?

పక్కింటివాడు కొడితే పెదవి చిట్లింది, చివరికి కోర్టు జరిమానా వేసి వదిలేసింది, ఇది న్యాయమేనా అన్నది మీ ప్రశ్న.

నన్నడిగితే కాదు. అయితే తప్పు జైలు వేయకపోవడంలో లేదు, దెబ్బ తిన్నవాడి చేతికి ఏమీ రాకపోవడంలో ఉంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే కొత్త చట్టం) సెక్షన్ 115(2) ప్రకారం మామూలు గాయానికి ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి ముందున్న పాత చట్టం ఐపీసీ సెక్షన్ 323లో జరిమానా 1,000 రూపాయలే. పెంచడం మంచిదే, కానీ కోర్టు ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ డబ్బు వెళ్ళేది ప్రభుత్వానికి.

చాలా కేసుల్లో కథ మలుపు తిరిగేది వూండ్ సర్టిఫికెట్ దగ్గర, అంటే గాయం ఎంత తీవ్రమో డాక్టర్ రాసిచ్చే పత్రం దగ్గర. పన్ను ఊడినా, ఎముక విరిగినా అది తీవ్ర గాయం, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పెదవికి కుట్లు పడితే మాత్రం డాక్టర్ సాధారణంగా ‘సింపుల్’ (మామూలు గాయం) అనే రాస్తారు. అప్పుడు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా చేయలేరు.

చాలామంది వాడుకోని దారి ఒకటుంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 395 కింద కోర్టు జరిమానాలోంచి బాధితుడికి పరిహారం ఇప్పించవచ్చు. జరిమానా వేయకపోతే విడిగా పరిహారం కట్టమనీ ఆదేశించవచ్చు. పరిహారం సంగతి ప్రతి కేసులో కోర్టులు ఆలోచించి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అందుకే ఆస్పత్రి బిల్లులు, పోయిన కూలి లెక్క ప్రాసిక్యూటర్‌కి (ప్రభుత్వం తరఫున కేసు వాదించే లాయర్‌కి) ముందే ఇవ్వండి.

రాజీ పడమని పెద్దమనుషులు ఒత్తిడి చేస్తారు. ఈ కేసులో రాజీ హక్కు దెబ్బ తిన్న మీ ఒక్కరిదే. ఖర్చులు చేతికి రాకుండా సంతకం పెట్టకండి.