సూది గుచ్చుకుంది, టెస్టుకెళ్లాలంటే సిగ్గు

ప్రశ్న: అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆపరేషన్‌కు ముందు పేషెంట్లకు చెప్పకుండానే హెచ్‌ఐవీ టెస్టు చేస్తారు, పాజిటివ్ వస్తే కేస్‌షీట్ మీద ఎర్ర పెన్నుతో రాస్తారు. పోయిన వారం నాకే సూది గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు, టెస్టుకెళ్లాలంటే సిగ్గు. ఏం చేయాలి మేడమ్?
- ఒక సోదరి

జవాబు: అదే రోజు చెప్పి ఉండాల్సిందమ్మా. సూది గుచ్చుకుంటే వీలైనంత త్వరగా, ఎట్లా చూసినా 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ గడువు దాటింది కానీ మరీ హడలిపోకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వాడిన సూదే అయినా సోకేది వెయ్యిలో సుమారు ముగ్గురికే. హెపటైటిస్ బి ముప్పు అంతకన్నా ఎక్కువ, దాని టీకా వేయించుకున్నావా లేదా చూసుకో.

సర్కారు ఆసుపత్రిలో ఐసీటీసీ అని హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం ఉంటుంది, అక్కడ టెస్టు, కౌన్సెలింగ్ రెండూ ఉచితం. ఒక్క టెస్టుతో సరిపోదు, వైరస్ బయటపడటానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి వాళ్లు చెప్పిన తేదీల్లో మళ్లీ వెళ్లు. మీ ఊళ్లో తెలిసినవాళ్లు కనిపిస్తారనుకుంటే బస్సెక్కి కర్నూలు పో. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసినా మాట్లాడతారు.

ఇక ఎర్ర పెన్ను. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితాన్ని అందరికీ కనపడేలా రాయకూడదు. గ్లవ్స్, సూది జాగ్రత్తలు ప్రతి పేషెంటు దగ్గరా ఉండాల్సినవే, ఎర్ర గుర్తు ఉన్నవాళ్ల దగ్గర మాత్రమే కాదు. నీకున్న సిగ్గే వాళ్లకూ ఉంటుంది కదా!