పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆల్ప్స్‌లో కారు ప్రయాణం, స్కీయింగ్

ప్రశ్న: ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుని ఇన్‌స్‌బ్రుక్, బ్రెన్నర్ మీదుగా ఇటలీలోని వాల్ గార్డెనాకు వెళ్తున్నాం. కారుకు వింటర్ టైర్లు ఉన్నాయట. ఇంకా స్నో చెయిన్ల ఖర్చెందుకని మావారు అంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. బ్రెన్నర్ దాకా మోటర్‌వే మీద వాటితో పని పడకపోవచ్చు. ఆ కనుమ ఎత్తు 1370 మీటర్లే, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, మంచు పడుతుండగానే తోసేసి ఉప్పు చల్లుతుంటారు. కష్టమంతా చివరి పది కిలోమీటర్లలో ఉంటుంది. మోటర్‌వే దిగి లోయలోంచి పైకెక్కే రోడ్డు, ఆపైన హోటల్ ముందు నిటారుగా ఉండే సందు, అక్కడే కారు ఆగిపోతుంది. తాజా మంచు కింద గట్టిపడిన ఐసు ఉంటే ఎంత మంచి వింటర్ టైరైనా జారుతుంది.

చట్టం సంగతి కూడా చూడండి. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోడ్డు మీద మంచు గానీ ఐసు గానీ ఉంటే, వింటర్ టైర్లు తప్పనిసరి. వాటి గాడి లోతు కనీసం 4 మి.మీ. ఉండాలి. కారు తాళాలు తీసుకునేటప్పుడే నాలుగు టైర్లూ వంగి చూడండి. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్య మంచు రేకు గుర్తు కనిపించాలి. ఒట్టి ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు అని అర్థం) అక్షరాలు మాత్రమే ఉన్న టైరును 2024 అక్టోబరు నుంచి జర్మనీలో వింటర్ టైరుగా లెక్కపెట్టడం లేదు. ఇక నీలం గుండ్రటి బోర్డు మీద గొలుసు చుట్టిన టైరు బొమ్మ కనిపించిందంటే, ఆస్ట్రియాలోనూ స్విట్జర్లాండ్‌లోనూ టైర్లతో సరిపెట్టుకోవడం కుదరదు, చెయిన్లు వేసి తీరాలి.

చెయిన్లు అడిగేటప్పుడు టైరు పక్కన రాసి ఉన్న కొలత, ఉదాహరణకు 205/55 ఆర్ 16, ఆ పెట్టె మీది పట్టికలో ఉందో లేదో మీరే సరిచూసుకోండి. పెద్ద చక్రాలున్న కొన్ని కార్లలో టైరుకీ లోపలి భాగాలకీ మధ్య మామూలు చెయిన్ పట్టేంత ఖాళీ ఉండదు. ఆ సంగతి కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ప్రశ్న: కిందటేడు మా బావగారు తంటాలు పడి వేసిన చెయిన్ రెండు కిలోమీటర్లు వెళ్ళకముందే ఊడిపోయింది. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది?

జవాబు: ఎక్కువగా చూసే పొరపాటు చక్రం వెనక జరుగుతుంది, ముందు నుంచి కనపడదు. మీ బావగారు వాడింది తీగ హూప్ రకం, అంటే చక్రం వెనక గట్టి తీగ వలయం (హూప్) ఉండేది, అనుకుని చెబుతున్నాం.

కారు జారిపోయాక వేద్దామనుకోకండి. మంచు మొదలయ్యే చోట రోడ్డు పక్కన చదునైన స్థలం చూసి ఆపండి. హ్యాండ్ బ్రేకు లాగి, గేర్‌లో పెట్టి, హజార్డ్ లైట్లు వేసి, మెరిసే జాకెట్ తొడుక్కుని దిగండి. చెయిన్ వేయాల్సింది ఇంజిను తిప్పే చక్రాలకు. చిన్న కార్లలో చాలావాటికి అవి ముందు చక్రాలు. నాలుగు చక్రాలూ తిరిగే కారైతే ఏ జతకు వేయాలో మాన్యువల్ చూసి తేల్చుకోండి.

ముందుగా చెయిన్‌ను ఒక చాప మీద పరిచి మెలికలన్నీ విప్పండి. ఒక్క లంకె మెలిపడి ఉన్నా గొలుసు పొట్టిదైపోతుంది, ఎంత లాగినా బిగుసుకోదు. కొక్కేల నోళ్ళు రబ్బరు వైపు కాకుండా బయటికి చూస్తుండాలి, లేకపోతే అవి టైరు పక్కగోడను కోస్తాయి. తర్వాత హూప్‌ను చక్రం వెనకగా దూర్చి, రెండు కొసలూ పైకి తెచ్చి, టైరు నెత్తిన కలపండి. కలిపిన హూప్‌ను టైరు అంచు దాటించి పూర్తిగా వెనక్కి నెట్టాలి. పొరపాటు జరిగేది ఇక్కడే. వేళ్ళు కొంకర్లు పోతుంటాయి, హూప్ ఒకచోట టైరు గాళ్ళ మీదే చిక్కుకుని ఉంటుంది, ముందు వైపు అందంగా బిగించేసి బయల్దేరతారు. చక్రం తిరగ్గానే అది కిందికి జారి చెయిన్ మొత్తం వదులవుతుంది. అందుకే చేతిని వెనకపెట్టి చుట్టూ తడిమి చూడండి, హూప్ అంతటా టైరు లోపలి గోడకే ఆని ఉండాలి.

ఆ తర్వాతే ముందు వైపు రంగు కొసలు కలిపి, బిగింపు గొలుసును తాళంలోంచి లాగి, మిగిలిన కొసను ఎదురు లంకెకు తగిలించండి. వేలాడే కొస బ్రేకు గొట్టాన్ని కొట్టి తెంపగలదు. నెమ్మదిగా 50 నుంచి 100 మీటర్లు నడిపి, ఆపి, మళ్ళీ బిగించండి. మొదటిసారి ఎంత గట్టిగా బిగించినా చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి చెయిన్ సర్దుకుని వదులవుతుంది. ఈ రెండో బిగింపు మానేయడం ఊడిపోవడానికి మరో పెద్ద కారణం. తర్వాత 50 కి.మీ. వేగం దాటకండి. తారు బయటపడగానే విప్పేయండి, తారు మీద లంకెలు అరిగి తెగుతాయి.

బయల్దేరే ముందు పగటిపూట, పొడి నేల మీద రెండుసార్లు సాధన చేయండి. పెట్టెలో మందపాటి రబ్బరు చేతొడుగులు, తలకు కట్టుకునే లైటు ఉంచుకోండి. మొదటిసారి చీకట్లో మంచు పడుతుండగా వేస్తే తల ప్రాణం తోకకొస్తుంది.

ప్రశ్న: ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మోటర్‌వేలకు ఒకే స్టిక్కరు సరిపోతుందా? సొరంగాలకు వేరే కట్టాలా?

జవాబు: దేనికది వేరు. స్విట్జర్లాండ్ విన్యెట్ (మోటర్‌వే రుసుము స్టిక్కరు) ధర 40 ఫ్రాంకులు, తక్కువ రోజుల రకం లేదు. ఒక్క రోజుకైనా అదే కొనాలి. ముందు ఏడాది డిసెంబరు 1 నుంచి మరుసటి ఏడాది జనవరి 31 దాకా పనికొస్తుంది. కాగితం స్టిక్కరైతే అద్దానికి అతికించాలి, డాష్‌బోర్డు అరలో దాచుకుంటే లేనట్టే లెక్క, జరిమానా 200 ఫ్రాంకులు. 2023 నుంచి కారు నంబరు మీద ఎలక్ట్రానిక్ విన్యెట్ కూడా దొరుకుతోంది. అద్దె కారు నంబరు తాళాలు చేతికొచ్చేదాకా తెలియదు కాబట్టి తొందరపడి ముందే కొనకండి. గోతార్డ్ సొరంగం, 16.9 కి.మీ., ఇందులోనే వస్తుంది. గ్రాండ్ సెయింట్ బెర్నార్డ్ సొరంగానికి వేరే టోల్ కట్టాలి.

ఆస్ట్రియాలో ఒక రోజు, పది రోజులు, రెండు నెలలు, ఏడాది అని నాలుగు రకాలున్నాయి. బ్రెన్నర్ మోటర్‌వే ఏ13, ఆర్ల్‌బర్గ్ సొరంగం, టావర్న్ మోటర్‌వే ఏ10 మీది సొరంగాల భాగం, వీటికి విడిగా టోల్ ఉంది. ఇటలీలో మోటర్‌వే ఎక్కేటప్పుడు టికెట్టు తీసుకుని దిగేటప్పుడు డబ్బు కట్టాలి. పసుపు రంగు టెలిపాస్ వరుసలోకి మాత్రం పోకండి, అది టోల్‌ను దానంతటదే కట్టే టెలిపాస్ యంత్రం ఉన్న కార్లకే.

ప్రశ్న: ఏప్రిల్ చివర్లో ఫుర్కా, స్టెల్వియో, గ్రోస్‌గ్లాక్నర్ కనుమ రోడ్లు మూడూ ఒకే వారంలో చూడాలని మా అన్నయ్య పట్టుదల. కుదురుతుందా?

జవాబు: కుదరదు, మూడూ మూసే ఉంటాయి. గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు సాధారణంగా మే మొదట్లో తెరుస్తారు. స్టెల్వియో, 2757 మీటర్లు, మే చివరో జూనో. ఫుర్కా, గ్రిమ్‌సెల్, సుస్టెన్ కనుమలు ఎక్కువగా జూన్‌లోనే. మ్యాపు యాప్‌లో దారి కనపడినా, బయల్దేరే రోజు ఉదయం ఆ రోడ్డు అధికారిక పేజీలో తెరిచి ఉందో లేదో చూడాలి. జూన్‌లోనూ ఒక్క రాత్రి కురిసిన మంచుకు మూసేస్తారు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉన్న రోజుల్లో పెట్టుకోమని మీ అన్నయ్యకు చెప్పండి.

చలికాలంలో ఫుర్కా అవతలికి దాటాలంటే రియాల్ప్–ఓబర్‌వాల్డ్ మధ్య కారును రైలెక్కించే సౌకర్యం ఉంది. కాండర్‌ష్టెగ్–గొపెన్‌ష్టైన్ మధ్య లోట్‌ష్‌బర్గ్ రైలూ అలాంటిదే. కార్లోంచి దిగక్కర్లేదు.

ప్రశ్న: అద్దె స్కీ బూట్లు వేసుకుంటే పూట గడవకముందే పాదాలు తిమ్మిరెక్కి చచ్చుబడ్డాయి. ఈసారి ఒక సైజు పెద్దవి తీసుకోనా?

జవాబు: వద్దు, బాధ ఇంకా పెరుగుతుంది. బూటు పెద్దదైతే పాదం లోపల జారుతుంది, జారకుండా ఉండాలని బకిల్స్ బిగిస్తారు, పాదం పైన రక్తనాళాలు నొక్కుకుపోయి తిమ్మిరి వస్తుంది. మీకు జరిగింది కూడా ఇదేనని మా అనుమానం.

స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో. మడమ గోడకు ఆనించి నిలబడి బొటనవేలి కొస దాకా కొలవండి. 26 వస్తే 26 అడగండి. 26, 26.5 రెంటికీ చాలా కంపెనీల్లో పై డొల్ల ఒకటే, అర సైజు తేడా లోపలి మెత్తలోనే. బూటు తొడుక్కుని నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడను తాకాలి. మోకాళ్ళు వంచి ముందుకు వాలగానే మడమ వెనక్కి జరిగి వేళ్ళు కాస్త ఖాళీ కావాలి. అదీ సరైన కొలత. పాదం వెడల్పుగా ఉంటే పెద్ద సైజు అడక్కండి, వెడల్పు రకం అడగండి. డొల్ల వెడల్పు మిల్లీమీటర్లలో చెబుతారు, 98 అంటే ఇరుకు, 102 పైన వెడల్పు.

మేజోళ్ళు ఒకే జత, పల్చగా, మోకాలి దాకా ఉండాలి. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకోవడం భ్రమ. బూటు బిగిసి రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. లోపలి పొడుగు లాగు అంచును బూట్లోకి దోపకండి. ఆ చిన్న కుట్టు సాయంత్రానికి ముంగాలి ఎముక మీద ఎర్రటి గీత పెడుతుంది. తొడిగాక మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టండి. ముందు చీలమండ దగ్గరి బకిల్, పై బకిల్ బిగించి, వేళ్ళ వైపువి తగిలించీ తగిలించనట్టు వదిలేయండి. లిఫ్ట్ మీద కూర్చున్నప్పుడు వదులు చేసుకోవచ్చు. రాత్రి బూట్లు కారు డిక్కీలో వదలకండి. చలికి ప్లాస్టిక్ కొయ్యబారిపోతే పొద్దున కాలు దూరదు.

ప్రశ్న: స్కీ అద్దె ఫారంలో మా వదిన సిగ్గుపడి పది కిలోలు తక్కువ రాసింది. దానివల్ల ఏమన్నా తేడా వస్తుందా?

జవాబు: వస్తుంది. ఎత్తు, బరువు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు, ఈ ఐదింటిని బట్టే బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత బలానికి విడిపోవాలో అంకె పెడతారు. బరువు తక్కువ రాస్తే అంకె తక్కువ పడి, మామూలు మలుపులోనే స్కీ ఊడిపోవచ్చు. పెద్ద నిపుణురాలినని గొప్పగా రాస్తే అంకె పెరిగి, పడ్డప్పుడు స్కీ విడిపోదు, ఆ మెలిక మోకాలి లిగమెంటు మీద పడుతుంది. 50 దాటినవాళ్ళకు ఒక మెట్టు తగ్గిస్తారు, కాబట్టి వయసూ నిజమే రాయాలి. మీ వదినగారిని దుకాణానికి తీసుకెళ్ళి అంకె మార్పించండి, ఐదు నిమిషాల పని. మధ్యలో బూట్లు మార్చినా మళ్ళీ సరిచేయించాలి. స్కీ ఎక్కే ముందు బూటు అడుగున అంటుకున్న మంచును పోల్‌తో గీకేయాలి. అది ఉంటే మడమ క్లిక్ మన్నట్టే ఉంటుంది గానీ పూర్తిగా దిగదు.

ప్రశ్న: మూడు రోజుల స్కీ క్లాసు అయ్యాక రెడ్ (మధ్యరకం) బాట మీద దిగవచ్చా?

జవాబు: తేలికైన బ్లూ బాట మీద ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలిగితేనే. ఆస్ట్రియాలో బ్లూ వాలు సుమారు 25 శాతం దాకా, రెడ్ 40 శాతం దాకా, ఆపైన బ్లాక్. ఫ్రాన్స్‌లో బ్లూ కంటే తేలికగా గ్రీన్ కూడా ఉంటుంది. రంగు ఒక్కటే చూసుకోకండి. ఊళ్ళోకి దిగే చివరి బాట మ్యాపులో బ్లూ అయినా, సాయంత్రానికి జనంతో, ఐసుతో, మంచు గుట్టలతో రెడ్ కంటే కష్టంగా తయారవుతుంది. కాళ్ళు అలిసిపోయి ఉంటే లిఫ్ట్‌లో కిందికి రండి. ఎదుటివాణ్ణి తప్పించే బాధ్యత పైనుంచి వచ్చేవాళ్ళదే. ఆగాల్సి వస్తే ఇరుకు చోట, మలుపు వెనక ఆగకండి, బాట అంచుకు జరగండి.

ప్రశ్న: కనుమ దిగుతుంటే చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది, బ్రేకు పెడల్ మెత్తబడింది. ఏం చేయాలి?

జవాబు: బ్రేకులు మితిమీరి వేడెక్కాయి. బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ లోపలికి దిగిపోతుంది. పాత ఆయిల్ నీరు పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా మరుగుతుంది. వెంటనే తక్కువ గేర్‌కు దిగి, మొదట కనపడ్డ ఖాళీ స్థలంలో ఆపండి. గేర్‌లో పెట్టి అరగంట వదిలేయండి. నీళ్ళు పోయకండి, డిస్కు వంకరపోతుంది. ఆ తర్వాత కూడా పెడల్ మెత్తగానే ఉంటే ముందుకు కదలకుండా సాయం పిలవండి.

ఎక్కడానికి ఏ గేర్ వాడారో దిగడానికీ అదే వాడాలి. ఆటోమేటిక్‌లోనూ చేత్తో రెండో మూడో పెట్టుకోవచ్చు. బ్రేకు మీద కాలు అలా ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా నొక్కి వదలాలి. ఎలక్ట్రిక్ కారుంటే, పైనున్న హోటల్లో నూరు శాతం చార్జి చేసి దిగకండి. బ్యాటరీ నిండుగా ఉంటే మోటారు బ్రేకింగ్ పనిచేయదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇరుకు రోడ్డులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. స్విట్జర్లాండ్‌లో పసుపు కొమ్ముబూర బొమ్మ ఉన్న రోడ్ల మీద పోస్టు బస్సుదే ముందు హక్కు. మలుపు వెనక మూడు స్వరాల హారన్ వినపడితే అక్కడే ఆగి, డ్రైవరు వెనక్కి జరగమంటే జరగాలి.

ప్రశ్న: బాట పక్కనే తాజా మంచు ఉంది, అంతా అటే వెళ్తున్నారు. నాలుగు మలుపులకు కూడా పరికరాలు కావాలా?

జవాబు: కావాలి. బాట అంచు తాళ్ళు దాటితే అక్కడ హిమపాతం (వాలు మీంచి మంచు చరియలు విరిగిపడటం) ముప్పును ఎవరూ తొలగించి ఉండరు. ఇతరుల జాడలున్నంత మాత్రాన వాలు గట్టిదని కాదు. ముందు రోజు సాయంత్రమే హిమపాత బులెటిన్ చూడండి, అందులో ముప్పు 1 నుంచి 5 దాకా ఉంటుంది. 3 అంటే మధ్యస్థం అనుకుని చాలామంది మోసపోతారు, చావులు ఎక్కువగా ఆ రోజుల్లోనే. ప్రతి ఒక్కరి ఒంటి మీదా 457 కిలోహెర్ట్‌జ్ బీకన్ (పూడినవాళ్ళ జాడ తెలిపే రేడియో యంత్రం), వీపున పార, మంచులో గుచ్చి వెతికే పొడుగు పుల్ల ఉండాలి, వాటిని వాడటం వచ్చి ఉండాలి. పూడిపోయిన మనిషికి మిగిలేది మొదటి పది పదిహేను నిమిషాలు, హెలికాప్టర్ అంతలో రాదు. సాయానికి ఎక్కడైనా 112, ఆస్ట్రియా పర్వత రక్షక దళానికి 140, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్‌కు 1414. ఈ నంబర్లు లిఫ్ట్ ఎక్కే ముందే ఫోన్‌లో పెట్టుకోండి. చలికి బ్యాటరీ పడిపోకుండా ఫోన్‌ను కోటు లోపలి జేబులో ఉంచండి.