లోపలి పెదవుల శస్త్రచికిత్స: అంచు కత్తిరింపా, వెడ్జ్ పద్ధతా?

మీరు రెండు సంగతులు అడిగారు. యోని ద్వారానికి రెండు వైపులా ఉండే లోపలి పెదవులను చిన్నవి చేసే లేబియాప్లాస్టీలో అంచు కత్తిరించే పద్ధతి మేలా, మధ్యలో ముక్క తీసే వెడ్జ్ పద్ధతి మేలా అన్నది ఒకటి. మచ్చ పడకుండా లేజర్‌తో గంటలో ముగిస్తామన్న క్లినిక్ మాట నమ్మవచ్చా అన్నది రెండోది. నాకు 34వ ఏట హైదరాబాదులో వెడ్జ్ పద్ధతిలో ఈ చికిత్స జరిగింది. నేను వైద్యురాలిని కాను; చేయించుకోబోయే ముందు చదివినదీ, చేయించుకున్నాక పడినదీ మాత్రమే రాస్తున్నాను.

లేజర్ అన్నది పద్ధతి పేరు కాదు, కోసే పరికరం పేరు. కత్తితో కోసినా, లేజర్‌తో కోసినా, ఎక్కడ కోస్తారు, ఎంత మిగులుస్తారు, కుట్టు ఎటు పడుతుంది అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి. కోసిన చోట మచ్చ పడక మానదు. అది కంటికి ఆనుతుందా లేదా అన్నదే తేడా. యోని లోపల లేజర్ వంటి పరికరాలతో చేసే 'వెజైనల్ రెజువనేషన్' అనేది వేరే వ్యవహారం. దానిని గురించి అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరిక జారీ చేసింది. మన ప్రకటనల్లో మాత్రం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

అంచు కత్తిరించే పద్ధతిలో, బయటికి వచ్చిన భాగాన్ని పొడవునా వంపుగా కోసి, కొత్త అంచును కరిగిపోయే దారంతో కుడతారు. చేయడం సులువు, నల్లబడిన ముడతల అంచు పూర్తిగా పోతుంది. అయితే పుట్టుకతో వచ్చిన అంచు కూడా దానితోనే పోతుంది, కుట్టు అంచు పొడవునా పడుతుంది. ఇందులో అసలు భయం ఎక్కువ కోసేయడం. ఒకసారి పోయిన కండను తిరిగి తేవడం చాలా కష్టం. పైగా పెదవులు పైన కలిసే చోట ఉండే క్లిటోరిస్‌ మీది ముడతను పట్టించుకోకుండా పెదవులను మాత్రమే తగ్గిస్తే, ఆ ముడత మునుపటికంటే ఎత్తుగా కనబడుతుంది.

వెడ్జ్ పద్ధతిని అమెరికాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ గ్యారీ ఆల్టర్ 1998లో ప్రచురించారు. పెదవి ఎక్కువగా ముందుకు వచ్చిన చోట ఆంగ్ల అక్షరం 'వీ' ఆకారంలో ముక్క తీసి, రెండు కొసలనూ కలిపి కుడతారు. సహజమైన అంచు నిలుస్తుంది, కుట్టు అడ్డంగా చిన్న గీతలా మిగులుతుంది. ముదురు రంగు, లేత రంగు కలిసే చోట తేడా కొంత తెలియవచ్చు. దీని బలహీనత లాగుడు: రెండు కొసలూ బిగువుగా కలుస్తాయి కనుక, వాపు పెరిగినా, లోపల రక్తం గడ్డకట్టినా కుట్టు విడిపోయి నొక్కు గానీ రంధ్రం గానీ పడుతుంది. కొరియా వైద్యులు చోయ్, కిమ్ 2000లో వివరించిన మూడో పద్ధతి కూడా ఉంది. అందులో మధ్య భాగంలో చర్మం పైపొరను మాత్రం తీసి కుడతారు. అంచు, నరాలు, రక్తనాళాలు దెబ్బతినవు గానీ పెదవి మందంగా తయారవుతుంది కనుక కొద్దిగా తగ్గించవలసినవారికే అది నప్పుతుంది.

నా విషయానికి వస్తే, ఎడమ పెదవి బాగా పొడవు. స్కూటీ మీద రోజూ ఆఫీసుకు వెళ్ళి వచ్చేసరికి ఒరుసుకుపోయి మండేది. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి చేశారు. తొలి రెండు రోజులు ఐస్ ప్యాక్‌లతో గడిచాయి. వారం కాగానే బాగానే ఉంది కదా అని ఆఫీసుకు వెళ్ళి పగలంతా కుర్చీలో కూర్చున్నాను. ఎనిమిదో రోజున ఎడమవైపు కుట్టు విడిచింది, చివరికి చెవిపోగు పట్టేంత రంధ్రం మిగిలింది. వెంటనే మళ్ళీ కుడితే నిలవదని, వాపు పూర్తిగా దిగాక ఆరు నెలలకు సరిచేశారు. ఇలా జరగవచ్చని నేను సంతకం పెట్టిన కాగితంలో ఒక పంక్తి ఉందట. ఆసుపత్రిలో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

కాబట్టి డాక్టరును ఎంత తీస్తారని కాదు, ఎంత మిగులుస్తారని అడగండి. సాధారణంగా కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు ఉంచాలంటారు. మీ కొలతకూ మీ రంగుకూ ఏ పద్ధతి ఎందుకు సరిపోతుందో, కుట్టు విడితే సరిచేసే ఖర్చు ఎవరిదో కూడా అడగండి. అందం కోసం చేసే చికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. దురద, తెల్లమచ్చలు ఉంటే ముందు గైనకాలజిస్టుకు చూపించాలి, ఎందుకంటే చర్మవ్యాధి ఉన్నచోట కోయడం పొరపాటు. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్ఎన్‌బీ అంటున్నారు) గానీ పట్టా ఉందో లేదో చూసుకోండి.

మీకు ఒరిపిడి, నొప్పి ఏవీ లేవని, రంగు నల్లగా ఉందని, పెళ్ళికొడుకు ఏమనుకుంటాడోనని రాశారు. అక్కడి చర్మం ఒంటి రంగుకంటే ముదురుగా ఉండడం సహజం. దానికీ లైంగిక అనుభవానికీ సంబంధం లేదు. 2005లో లండన్‌లో 50 మంది స్త్రీలను కొలిచి ప్రచురించిన అధ్యయనంలో లోపలి పెదవుల వెడల్పు 7 నుంచి 50 మిల్లీమీటర్ల వరకు ఉంది. మీరు చెప్పిన మీ కొలత, మూడు సెంటీమీటర్లు, ఆ పరిధిలోనే ఉంది.

పైగా పెళ్ళి రెండు నెలల్లో ఉందన్నారు. ఏ చిక్కూ రాకపోయినా ఆరు వారాల దాకా కలయిక కూడదంటారు, వాపు పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నాకైతే రెండు నెలలకు ఆ రంధ్రం అలాగే ఉంది, స్కూటీ ఎక్కడానికి అప్పటికింకా దిండు వేసుకునేదాన్ని.