చేతికి దొరికిన రాయి పనిముట్టేనా?

ప్రశ్న: దున్నిన నేలలో అరచేతంత రాయి దొరికింది. బాదం గింజ ఆకారం, ఒక కొన సన్నగా ఉంది. చేత్తో పట్టుకుంటే బొటనవేలికి సరిగ్గా సరిపడే గుంట కూడా ఉంది. ఇది పిడి లేకుండా చేత్తోనే పట్టి వాడిన ఆదిమానవుడి చేతిగొడ్డలేనా?

జవాబు: బొటనవేలి గుంటను లెక్కలోంచి తీసేయండి. మన చెయ్యి ఏ రాయికైనా సర్దుకుంటుంది. నీళ్లలో దొర్లిన గులకరాళ్లు ఎన్నో చేతిలో హాయిగా ఇముడుతాయి. ఆకారం కంటే ముందు చూడాల్సింది పెచ్చులు ఊడిన తీరు.

రాతి అంచు మీద సుత్తిరాయితో కొడితే పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న చదును ఉంటుంది. లోపలి ముఖాన ఆ చదును కిందే ఉబ్బెత్తుగా బుడిపె, అక్కణ్నుంచి చెరువులో రాయి పడ్డప్పటి అలల్లా విస్తరించే వంపు గీతలు ఉంటాయి. పెచ్చు పోయిన రాయి మీద దీనికి తిరగేసిన అచ్చులా ఒక గుంట మిగులుతుంది. మీది చేతిగొడ్డలే అయితే ఇలాంటి గుంటలు రెండు ముఖాల మీదా, అంచు నుంచి నడుముకు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతూ కనిపించాలి. అంచును కంటికి ఎదురుగా పెట్టి చూస్తే, అటొకటి ఇటొకటి కొట్టడం వల్ల వచ్చిన వంకర గీత తెలుస్తుంది. ఇందుకు పదిరెట్ల భూతద్దం, పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుగు చాలు. నడినెత్తి ఎండలో ఈ గుంటలన్నీ చదునైపోయినట్టు కనిపిస్తాయి.

ఇక కోణం. తెల్లకాగితం మూల 90 డిగ్రీలు. దాన్ని అంచుకు ఆనించండి. దెబ్బ పడిన చదునుకూ పెచ్చు ఊడిన ముఖానికీ మధ్య కోణం అంతకంటే ఇరుకుగా ఉండాలి. విప్పారిన అంచు మీద కొట్టి సాఫీగా పెచ్చు తీయడం కష్టం. ప్రవాహం, మట్టి బరువు మాత్రం కోణం ఎంచుకోవు. 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో ‘ఇయోలిత్’లని పేరుపెట్టి, అంచులు పగిలిన చెకుముకి రాళ్లను అతి ప్రాచీన పనిముట్లుగా పెద్ద పండితులే నమ్మారు. తీరా అవి సహజంగా పగిలినవే. 1939లో బార్న్స్ అనే పరిశోధకుడు కోణాలు కొలిచి ఒక ప్రమాణం చెప్పాడు: మనిషి చేసిన పనిముట్ల గుంపులో 90 డిగ్రీలు, ఆపై ఉండే కోణాలు 25 శాతం మించవు. గుంపు అన్న మాట మరిచిపోవద్దు. ఒంటి రాయి మీద ఈ లెక్క నిలవదు. బ్రెజిల్‌లో కపుచిన్ కోతులు రాళ్లను రాళ్లతో బాదుతుంటే అచ్చం మనిషి తీసినట్టే పెచ్చులు ఊడుతున్నాయని 2016లో తేలాక ఈ జాగ్రత్త ఇంకా అవసరమైంది.

పొరబాటు ఎక్కువగా జరిగేది మూడు చోట్ల. వేడికో మంచుకో పగిలిన రాతి మీద మూత ఊడినట్టు గుండ్రటి పల్లాలు ఏర్పడతాయి, వాటికి దెబ్బ చోటు ఉండదు. నాగలి తగిలిన అంచున గుంటలు ఉంటాయి గానీ మిగతా రాతి రంగు ముదిరి, అవి మాత్రం తాజాగా మెరుస్తాయి. మూడోది పలుగురాయి. అది ముక్కచెక్కలుగా పగులుతుంది, బుడిపె స్పష్టంగా రాదు. అందుకే పలుగురాతి పనిముట్లను నిపుణులు కూడా ఒక్క చూపులో తేల్చరు.

ప్రశ్న: మట్టి పోవాలని ఇనుప తీగల బ్రష్‌తో తోమి, నిగారింపు కోసం నూనె రాశాను. ఏమైనా నష్టమా?

జవాబు: నష్టమేనండీ, ఇక ముందు అలా చేయకండి. ఇనుము రాతి మీద బూడిదరంగు గీతలు వదులుతుంది. వాటిని చూసినవారు ఇనుప సుత్తితో కొత్తగా చెక్కిన నకిలీ అనుకోవచ్చు. వేల ఏళ్ల పాటు ఏర్పడిన పైపొర గీసుకుపోతుంది. పదును అంచున పిండిపదార్థపు రేణువులో, పిడి అతికించిన జిగురో మిగిలి ఉంటే నూనెతో అవి కలుషితమవుతాయి. దొరికిన రాయిని నీడలో ఆరనివ్వండి, ఊడిపోయే మట్టిని మెత్తటి కుంచెతో మాత్రమే దులపండి. ఆమ్లం, వార్నిష్, జిగురు వద్దు. నాలుగు రాళ్లను ఒకే సంచిలో వేయకండి. ఒకదానికొకటి తగిలి అంచుల మీద చిన్న చిన్న పెచ్చులు రేగుతాయి, అవి మనిషి పదును పెట్టిన గుర్తుల్లాగే ఉంటాయి. రాయికో సంచి, లోపల వివరాల చీటీ.

ప్రశ్న: ల్యాబ్‌లో కార్బన్ పరీక్ష చేయిస్తే వయసు తెలుస్తుందా?

జవాబు: తెలియదు. ఆ పరీక్షకు ఒకప్పుడు ప్రాణమున్న పదార్థం కావాలి, పైగా అది సుమారు 50,000 ఏళ్ల వరకే పనికొస్తుంది. రాతి వయసు కొలిచినా అది రాయి ఏర్పడిన కాలమే అవుతుంది గానీ, పెచ్చు తీసిన రోజు కాదు. పనిముట్టు వయసు సాధారణంగా అది కూరుకున్న పొర నుంచే తెలుస్తుంది: పక్కనున్న బొగ్గు, ఎముక, వెలుగు చూడకుండా పూడిపోయిన ఇసుక రేణువులు. నిప్పులో కాలిన చెకుముకి రాయిని మాత్రం నేరుగా పరీక్షించే పద్ధతి ఉంది.

ఆకారం చూసి వయసు చెప్పేవారి మాట నమ్మవద్దు. చేతిగొడ్డళ్లు సుమారు 17.6 లక్షల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికాలో మొదలై లక్షల ఏళ్లు నడిచాయి. నునుపుగా అరగదీసిన గొడ్డలి కనిపిస్తే కొత్తరాతియుగం (వ్యవసాయం మొదలైన కాలం) అనేస్తాం, కానీ ఆస్ట్రేలియాలో అంచు అరగదీసిన గొడ్డళ్లు 40,000 ఏళ్లు దాటినవి ఉన్నాయి. చతురస్రంగా ఉన్న చెకుముకి బిళ్ల పాత తుపాకీలో నిప్పురవ్వ కోసం బిగించినదీ కావచ్చు.

ప్రశ్న: అమ్మితే ఎంత వస్తుంది? కొంటామన్నవారు అసలుదని సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తామంటున్నారు.

జవాబు: దీనికి పట్టీలో రాసిన ధర అంటూ లేదు. సంతలో పలికేదాన్ని నిర్ణయించేవి అంచులు విరగకుండా ఉన్నాయా, పనితనం ఎంత, రాయి అరుదైనదా, అన్నిటికంటే ముఖ్యంగా ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందన్న కాగితం ఉందా అన్నవి. మామూలు పెచ్చులకు డబ్బు విలువ నామమాత్రం. అయినా ఒకే చోట పడి ఉన్న నలభై పెచ్చులు, అవి ఊడిన మూలరాయి, సుత్తిరాయి శాస్త్రానికి అందమైన ఒంటి గొడ్డలి కంటే ఎన్నో రెట్లు విలువైనవి. పెచ్చులను తిరిగి మూలరాతికి అమర్చి, ఆ మనిషి ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ కొట్టాడో వరుసగా చెప్పగలుగుతారు. అందులో రెండు ముక్కలు అమ్ముడైపోతే ఆ వరుస తెగిపోతుంది. అది ఎంత పెద్ద నష్టమో డబ్బుతో లెక్కకట్టలేం.

కొనేవారో అమ్మేవారో తమ మనుషులతో ఇప్పించే సర్టిఫికెట్ కాగితం ముక్కే. నకిలీలు కొత్త కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ‘ఫ్లింట్ జాక్’గా పేరుపడిన ఎడ్వర్డ్ సింప్సన్ నకిలీ చెకుముకి పనిముట్లు చేసి అమ్మాడు. నకిలీలో గుంటల మధ్య గట్లు చెయ్యి కోసేంత తాజాగా ఉంటాయి. పాతరంగు గుంటల్లో పూసినట్టు పేరుకుంటుంది. యంత్రంతో అరగదీస్తే గీతలన్నీ సమాంతరంగా సాగుతాయి.

చట్టం దేశానికో తీరు. చాలాచోట్ల ఇలాంటివి ప్రభుత్వ ఆస్తి, కొన్నిచోట్ల భూమి యజమానివి. అనుమతి లేకుండా సరిహద్దు దాటిస్తే చాలా దేశాల్లో నేరం. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం 1970 నుంచీ ఉంది. బేరం మాట అటుంచి, మీ ప్రాంతపు పురావస్తు అధికారికి తెలియజేయడం మొదటి పని.

ప్రశ్న: వారికి ఏం పంపాలి?

జవాబు: ఫొటోలు ఆరు: రెండు ముఖాలు, రెండు పక్కలు, మొన, మొదలు. వెలుగు ఎడమ పైమూల నుంచి పడాలి, పక్కన సెంటీమీటర్ల స్కేలు ఉండాలి. నాణెం పెడితే వేరే దేశపు నిపుణుడికి కొలత అందదు. పొడవు, వెడల్పు, మందం మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాయండి. ఫోన్‌లో చూపే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నేల పైన దొరికిందా, గుంటలోనా, ఎంత లోతులో, మట్టి ఎర్రదా, నల్లదా, గులకరాళ్లతోనా రాయండి. చుట్టూ ఇంకా పెచ్చులు కనిపిస్తే ఏరకుండా, ఉన్నచోటే దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి ఫొటో తీయండి. గుంట గోడలో ఇరుక్కున్న రాయి అయితే దాన్ని లాగవద్దు, పైన కాస్త మట్టి కప్పి, గుర్తు పెట్టి వచ్చేయండి.