కీ తీసేసినా ఎంజీబీ ఆగడం లేదా? పెట్రోల్ కన్నా ముందు ఐడిల్ చూడండి

కీ తీసి జేబులో వేసుకున్నా మీ 1974 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) అయిదారు సెకన్లు దడదడలాడుతూనే ఉంది, పెట్రోల్ మారిస్తే పోతుందా అని అడిగారు. కొంత తగ్గుతుంది, పోదు. నాదీ అదే కారు, గట్టి పైకప్పున్న 1973 జీటీ. ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో మా ఇంటి ముందు ఏడాదిపాటు ఇదే తంతు. ఆపి దిగేసరికి బానెట్ ఊగుతూ ఉండేది, ఎదురింటి కర్టెన్ కదిలేది!

ముందు ఒక అనుమానం తీర్చుకోండి. కీ ఆపాక కూడా ఇంజన్ మామూలుగా, నున్నగా తిరుగుతుంటే అది వైరింగ్ గొడవ. కాయిల్ ప్లస్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెడితే తెలిసిపోతుంది, కీ ఆపినా వెలుగుతుంటే కరెంటు వస్తున్నట్టే. అలా కాక దగ్గుతూ, తన్నుతూ తిరిగితే రన్ ఆనే, అంటే స్పార్క్ లేకుండానే ఇంజన్ తిరగడం. కార్బురేటర్ బండిలో కీ ఆపితే స్పార్క్ పోతుంది గానీ పెట్రోల్ ఆగదు. ఇంజన్ తిరిగినంతసేపూ పీలుస్తూనే ఉంటుంది, లోపల కాగిపోయి ఉన్న కార్బనో, ప్లగ్ కొనో దాన్ని అంటిస్తుంది.

నేనూ మొదట పెట్రోల్ మీదే పడ్డాను. ఈ కార్లు పుట్టినప్పుడు 97 ఆక్టేన్ ఫోర్‌స్టార్ పెట్రోల్ ఉండేది (ఆక్టేన్ ఎంత ఎక్కువైతే పెట్రోల్ తనంతట తాను అంటుకోవడం అంత తక్కువ). ఇప్పుడు బంకులో మామూలుగా దొరికేది 95 ఆక్టేన్ ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసినది. ఎక్కువ ఆక్టేన్ ఉన్న సూపర్ ఈ5 పోయిస్తే ఆరు సెకన్లు మూడయ్యాయి, అంతే. ప్లగ్గులు విప్పితే కొనలు తెల్లగా ఉన్నాయి, అంటే గాలి, పెట్రోల్ మిక్చర్ పల్చన. పెట్రోల్ పాలు పెంచి కొంచెం రిచ్ చేశాను. అప్పుడూ పూర్తిగా పోలేదు.

అసలు సంగతి టాకోమీటర్‌లో కనిపిస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఇంజన్ వేడెక్కాక ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ వేగం, నిమిషానికి 1,100 చుట్లు. 800కి దించుదామంటే థ్రాటిల్ స్క్రూలు పూర్తిగా వదిలేసినా దిగదే! కార్బురేటర్లు విప్పితే తెలిసింది. ఈ కారు ఎస్‌యూ హెచ్ఐఎఫ్4 కార్బురేటర్లో గాలిని అదుపు చేసే థ్రాటిల్ డిస్క్ మీదే ఒక చిన్న పాపెట్ వాల్వ్ ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు కాస్త గాలి, పెట్రోల్ వెళ్లనివ్వడం దాని పని. దాని స్ప్రింగ్ నీరసించి, ఐడిల్‌లో కూడా తెరుచుకుంటోంది. రెండు వాల్వులనూ మూసి టంకం పెట్టాను. దానికి తోడు, అంతకుముందు బండి చూసిన మెకానిక్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) బాగా వెనక్కి పెట్టాడు. టైమింగ్ వెనకబడితే ఇంజన్ వేడెక్కుతుంది, ఐడిల్ నిలబడాలంటే థ్రాటిల్ ఇంకా తెరవాలి. రెండూ రన్ ఆన్‌కి చుట్టాలే. మాన్యువల్ ప్రకారం సరిచేశాక 800 దగ్గర నిలిచింది, కీ తిప్పగానే ఆగింది.

మీరూ ఈ వరసలోనే చూడండి: ఐడిల్, టైమింగ్, మిక్చర్, గాలి లీకు. లీకు ఎక్కడుందో కనిపెట్టడానికి మండే స్ప్రే కొట్టేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కూడా కార్బురేటర్ల వైపే ఉంటుంది, మంటలు అంటుకోగలవు. హెడ్ విప్పి కార్బన్ గీకడం ఆఖరి మాట.

అంతదాకా ఆపేటప్పుడు నాలుగో గేరు వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, కీ ఆపుతూ క్లచ్ వదలండి. చచ్చినట్టు ఆగుతుంది. మన అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌దీ, దీని 1798దీ ఒకే బీ-సిరీస్ కుటుంబం. మా నాన్న దాన్ని ఇలాగే ఆపేవారు, ఎందుకో అప్పట్లో అర్థం కాలేదు.

వేడి మీద ఐడిల్ ఎంత ఉందో, నాలుగు ప్లగ్గుల రంగేమిటో రాయండి, చూద్దాం.